పార్టీ పేరుతో అమ్మే అమెరికా ఈటీఎఫ్‌లు: బెంగళూరు నుంచి కొనేవాళ్ల కోసం రివ్యూ

బెళ్ళందూరు, మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్ ఆఫీసుల్లో పనిచేసే తెలుగువాళ్లలో చాలామందికి జీతంతో పాటు అమెరికా మాతృసంస్థ షేర్లు ఆర్‌ఎస్‌యూల (ఉద్యోగికి విడతలుగా ఇచ్చే షేర్లు) రూపంలో చేతికొస్తాయి. అందుకే అమెరికా అధ్యక్ష ఎన్నికలు దగ్గరపడితే ఇక్కడి ఇళ్లలో ఈఎంఐల లెక్క, పిల్లల ఫీజుల లెక్క కూడా కదులుతుంది. "రిపబ్లికన్లు వస్తే మార్కెట్ లేస్తుంది, ఇప్పుడే అమ్మకు బావా" అని ఒకరంటారు. "డెమొక్రాట్లు వస్తే టాక్సులు పెంచుతారు, ముందే బయటపడు" అని ఇంకొకరు. ఈ నమ్మకాన్నే సరుకు చేసి అమ్ముతున్న ఈటీఎఫ్‌లు (షేరులాగే కొని అమ్ముకోగల ఫండ్‌లు) అమెరికా ఎక్స్‌ఛేంజీల్లో ఉన్నాయి. విదేశీ షేర్ల యాప్‌లలో కనబడితే ఇక్కడి నుంచీ కొనుక్కోవచ్చు. వాటిలో బాగా వినబడే నాలుగింటిని ఈ రివ్యూకి తీసుకున్నాం.

మొదటిది 'మాగా' అనే టిక్కరుతో (ఎక్స్‌ఛేంజీలో ఫండ్‌ను గుర్తించే పొట్టి పేరు) నడిచే పాయింట్ బ్రిడ్జ్ అమెరికా ఫస్ట్ ఈటీఎఫ్. 2017 సెప్టెంబరులో మొదలైంది. ఏ కంపెనీల ఉద్యోగులు, వాటి రాజకీయ విరాళాల సంఘాలు రిపబ్లికన్ అభ్యర్థులకు ఎక్కువగా విరాళాలిచ్చాయో చూసి, అలాంటి సుమారు 150 కంపెనీలను సమాన వాటాలతో పెట్టుకుంటుంది. రెండోది 'డెమ్జ్'. 2020 నవంబరులో, సరిగ్గా ఎన్నికల వారంలో వచ్చింది. రాజకీయ విరాళాల్లో 75 శాతానికి పైగా డెమొక్రాట్లకు వెళ్లిన పెద్ద కంపెనీలు ఇందులో ఉంటాయి. మూడోదీ నాలుగోదీ జంట. రెండూ 2023 ఫిబ్రవరిలో వచ్చాయి. ఒకటి డెమొక్రాట్ కాంగ్రెస్ సభ్యులూ వాళ్ల కుటుంబాలూ కొన్న షేర్లను అనుసరించే 'నాన్‌సీ', రెండోది రిపబ్లికన్ సభ్యులవి అనుసరించే 'క్రూజ్'. ఈ క్రూజ్ టిక్కరు తర్వాత రిపబ్లికన్ పార్టీ ముద్దుపేరైన 'జీఓపీ'గా మారింది.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తున్నాం. ఈ నాలుగింటిలో ఏదీ కొనదగ్గది కాదు. కారణాలు రెండు. అధ్యక్షుడి పార్టీని బట్టి రాబడి వస్తుందన్న లెక్క గట్టిది కాదు. ఒకవేళ గట్టిదే అనుకున్నా, ఈ ఈటీఎఫ్‌లు ఆ లెక్కను పట్టుకోవడం లేదు.

అసలు పార్టీకీ మార్కెట్‌కీ సంబంధం ఉందా?

మన దగ్గర ఎక్కువగా వినబడేది రిపబ్లికన్లు వ్యాపారులకు అనుకూలం కాబట్టి వాళ్ల హయాంలో మార్కెట్ బాగుంటుందన్న మాట. గణాంకాలు దీనికి ఎదురు తిరుగుతాయి. పెడ్రో శాంటా-క్లారా, రోసెన్ వల్కనోవ్ 2003లో ప్రచురించిన పరిశోధన 1927 నుంచి 1998 దాకా లెక్క తీసింది. ప్రభుత్వ ట్రెజరీ బిల్లుల వడ్డీ పోను షేర్లలో మిగిలిన రాబడి డెమొక్రాట్ అధ్యక్షుల కాలంలో ఏడాదికి సుమారు 11 శాతం, రిపబ్లికన్ల కాలంలో సుమారు 2 శాతం. చికాగో విశ్వవిద్యాలయానికి చెందిన ల్యూబోష్ పాస్టర్, పియెట్రో వెరొనేసి 2020లో ఇదే లెక్కను 2015 దాకా పొడిగించారు. తేడా ఏడాదికి 10.9 శాతంగా తేలింది.

ఇంత పెద్ద తేడా చూడగానే, డెమొక్రాట్లు ఉన్నప్పుడు షేర్లలో, రిపబ్లికన్లు వచ్చినప్పుడు డిపాజిట్లలో ఉంటే సరిపోతుంది కదా అనిపిస్తుంది. ఇక్కడే జాగ్రత్త పడాలి. ఈ లెక్కలో రోజులు వేలల్లో ఉన్నా, శ్వేతసౌధంలో పార్టీ మారింది ఎన్నిసార్లో చూడండి. 1933, 1953, 1961, 1969, 1977, 1981, 1993, 2001, 2009, 2017, 2021, 2025. తొంభై ఏళ్లు దాటిన చరిత్రలో పన్నెండే మార్పులు. పన్నెండు సంఘటనల మీద కట్టిన సూత్రాన్ని రెండు మూడు పెద్ద ప్రమాదాలు ఎటైనా లాగేయగలవు. 1929 పతనం రిపబ్లికన్ అధ్యక్షుడు హూవర్ ఖాతాలో పడింది. 2000లో పేలిన డాట్‌కామ్ (ఇంటర్నెట్ కంపెనీల షేర్ల) బుడగ, 2008 సంక్షోభం రెండూ అదే పార్టీకి చెందిన జార్జి డబ్ల్యూ. బుష్ ఖాతాలో పడ్డాయి.

దగ్గరి కాలాన్ని విడదీసి చూస్తే ఇది బాగా తెలుస్తుంది. అమెరికాలోని 500 పెద్ద కంపెనీల షేర్లను కొలిచే ఎస్ అండ్ పీ 500 సూచీ డెమొక్రాట్ క్లింటన్ ప్రమాణస్వీకారం నాటికి, అంటే 1993 జనవరిలో, 433 దగ్గర ఉంది. 2001 జనవరికి 1342. ఎనిమిదేళ్లలో మూడు రెట్లకు పైగా, ఏడాదికి 15 శాతం. తర్వాత బుష్ ఎనిమిదేళ్లలో 1342 నుంచి 805కి, ఏడాదికి 6 శాతం నష్టం. డెమొక్రాట్ ఒబామా హయాంలో 805 నుంచి 2271కి, ఏడాదికి సుమారు 14 శాతం. రిపబ్లికన్ ట్రంప్ మొదటి విడతలో 2271 నుంచి 3852కి, అదీ ఏడాదికి సుమారు 14 శాతమే. డెమొక్రాట్ బైడెన్ కాలంలో 3852 నుంచి 5997కి, ఏడాదికి 12 శాతానికి కాస్త తక్కువ. ఇవన్నీ డివిడెండ్లు (కంపెనీలు షేర్‌దారులకు పంచే లాభం) కలపని అంకెలు. బుష్ కాలాన్ని పక్కన పెట్టి చూడండి, రెండు పార్టీల మధ్య చెప్పుకోదగ్గ తేడా ఏమీ మిగలదు.

పోనీ బుష్ కాలపు నష్టం బుష్ పార్టీ వల్లే వచ్చిందా? సూచీ 1527 తాకి కిందికి తిరిగింది 2000 మార్చిలో. అప్పటికి అధ్యక్షుడు క్లింటన్. దిగువ ముగింపు 676 నమోదైంది 2009 మార్చి 9న. అప్పటికి ఒబామా వచ్చి ఏడు వారాలైంది. ఒబామా రాబడిని 805 నుంచి కొలిస్తే 2.8 రెట్లు, 676 నుంచి కొలిస్తే 3.4 రెట్లు. 2007 అక్టోబరు నాటి శిఖరం 1565 నుంచి కొలిస్తే 1.45 రెట్లే. మనిషి ఒకడే, విధానాలు అవే. కొలత మొదలుపెట్టిన చోటును బట్టి ఆయన గొప్పవాడో మామూలువాడో అయిపోతున్నాడు.

పాస్టర్, వెరొనేసిలు ఇచ్చిన వివరణ మాకు అన్నిటికన్నా సబబుగా అనిపిస్తుంది. ఆర్థిక సంక్షోభం వచ్చినప్పుడు జనం రిస్కుకి భయపడతారు. ప్రభుత్వం అండగా ఉండాలని కోరుకుంటారు, డెమొక్రాట్లకు ఓటేస్తారు. 1932లో అదే జరిగింది, 2008లోనూ అదే. అలాంటి సమయంలో షేర్ల ధరలు నేలమీద ఉంటాయి కాబట్టి ఆ తర్వాతి సంవత్సరాల్లో రాబడి ఎక్కువగా కనబడుతుంది. అంటే పార్టీ వచ్చి మార్కెట్‌ను లేపలేదు, పడిపోయిన మార్కెట్టే ఆ పార్టీని తెచ్చింది. ప్రిన్స్‌టన్ ఆర్థికవేత్తలు అలన్ బ్లైండర్, మార్క్ వాట్సన్ 2016లో జీడీపీ మీద చేసిన పరిశోధన కూడా ఈ దారిలోనే ఉంది. డెమొక్రాట్ల కాలంలో వృద్ధి ఏడాదికి 1.79 శాతం పాయింట్లు ఎక్కువ. అయితే అందుకు బడ్జెట్లూ వడ్డీ రేట్లూ కారణమని తేలలేదు. చమురు ధరల షాకులు, ఉత్పాదకత లాంటివే పెద్ద వంతు వివరించాయి. అవి ఏ అధ్యక్షుడి చేతిలోనూ పూర్తిగా ఉండవు.

ఇంత చెప్పినా డెమొక్రాట్ల కాలంలోనే షేర్లలో ఉందాం అనుకునేవాళ్ల కోసం ఒక లెక్క. 1993 జనవరిలో 1 లక్ష పెట్టి ఏమీ కదపకుండా 2025 జనవరి దాకా ఉంచితే, డాలర్ల లెక్కలో, 13.8 లక్షలు. డెమొక్రాట్ల హయాంలో మాత్రమే ఉండి, దిగిపోయిన ప్రతిసారీ మొత్తం అమ్మి, ఇప్పటి దీర్ఘకాలిక పన్ను 12.5 శాతం కట్టి, మళ్లీ ఎక్కితే 11.4 లక్షలు. డివిడెండ్లు, మధ్యలో వచ్చే డిపాజిట్ వడ్డీ, 2025 జనవరిలో చివరగా అమ్మితే పడే పన్ను ఇందులో వేయలేదు. బుష్ కాలపు నష్టం మొత్తం తప్పించుకున్న తర్వాత కూడా వెనకబడటానికి ప్రధాన కారణం పన్ను. లాభం వచ్చిన చోటల్లా ఒక ముక్క కోసి ఇచ్చేస్తే, ఆ ముక్క మీద పెరగాల్సింది కూడా పోతుంది.

అధ్యక్ష చక్రం అనే మరో సూత్రం కూడా తిరుగుతుంటుంది. పదవీకాలంలో మూడో ఏడాది మార్కెట్‌కు మంచిదని యేల్ హర్ష్ 1960ల నుంచి ప్రచారంలోకి తెచ్చాడు. 2019లో 29 శాతం, 2023లో 24 శాతం వచ్చాయి, నిజమే. అదే మూడో ఏడాది అయిన 2011లో సూచీ మొదలైన చోటే ఆగింది, 2015లో కాస్త తగ్గింది. దీని మీద డబ్బు పెట్టక్కర్లేదు.

రంగాల పందెం ఎందుకు బోల్తా కొడుతుంది

మొత్తం మార్కెట్ సంగతి వదిలేసి, ఫలానా పార్టీ వస్తే ఫలానా రంగం లేస్తుందన్న వాదన ఇంకా బలంగా వినబడుతుంది. చూడ్డానికి తర్కం కుదిరినట్టే ఉంటుంది. చమురు కంపెనీలకు ట్రంప్ అనుకూలం, సౌర విద్యుత్తుకు బైడెన్ అనుకూలం. జరిగింది దీనికి తలకిందులు. ట్రంప్ మొదటి విడతలో ఎస్ అండ్ పీ ఎనర్జీ రంగం నష్టాల్లో ముగిసింది. ఒక్క 2020లోనే మూడో వంతు పోయింది. బైడెన్ వచ్చాక అదే రంగం 2021లో 50 శాతానికి పైగా, 2022లో 60 శాతానికి పైగా లేచింది. క్లీన్ ఎనర్జీ ఈటీఎఫ్ 'ఐసీఎల్‌ఎన్' 2020లో ట్రంప్ ఉండగానే రెండింతలు దాటింది. 2021 జనవరిలో, బైడెన్ ప్రమాణం చేసే రోజుల్లోనే శిఖరం తాకి, ఆయన దిగిపోయేసరికి ఆ ధరలో సగానికన్నా తక్కువకు పడింది.

ఎందుకిలా? చమురు ధరను కోవిడ్ లాక్‌డౌన్లు పడేశాయి, 2022లో ఉక్రెయిన్ యుద్ధం ఎగదోసింది. సౌర, పవన ప్రాజెక్టులు అప్పుల మీద నడిచేవి. 2022లో అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వు వడ్డీ రేట్లు పెంచుతూ పోవడంతో వాటి నడుము విరిగింది. పైగా బైడెన్ గెలుస్తాడన్న అంచనా 2020 ధరల్లోకి ముందే ఎక్కేసింది. అందరికీ తెలిసిన విధానం మీద మనం పందెం కాస్తున్నామంటే, ఆ విధానం విలువను ఎవరో ముందే లాభంగా తీసుకుని మనకు అమ్ముతున్నారని అర్థం.

ఫలితం ముందే తెలిసినా లాభం లేదనడానికి 2016 ఎన్నికల రాత్రి చాలు. ట్రంప్ గెలుస్తున్నాడని తెలియగానే ఎస్ అండ్ పీ ఫ్యూచర్స్ (సూచీ మీద ముందస్తుగా కుదిరే కొనుగోలు, అమ్మకం ఒప్పందాలు) 5 శాతం పడి నిబంధనల ప్రకారం ఆగిపోయాయి. మర్నాడు సూచీ 1.1 శాతం పెరిగి ముగిసింది. అధ్యక్షుడి నిర్ణయం మార్కెట్‌ను కుదపదని మేం అనడం లేదు. 2025 ఏప్రిల్ 2న సుంకాలు ప్రకటించాక రెండు రోజుల్లో సూచీ 10 శాతానికి పైగా పడింది. 9న వాటిని వాయిదా వేయగానే ఒక్కరోజులో 9.5 శాతం లేచింది. రెండూ ఒకే అధ్యక్షుడు, ఒకే పార్టీ, ఒకే వారం. పార్టీని చూసి కొన్నవాడికి ఇందులో పట్టుకునే కొమ్మ ఏదీ లేదు.

ఇక ఈటీఎఫ్‌ల సంగతి

నాలుగింటిలో ఎక్కువమంది అడిగేది నాన్‌సీ గురించే. కాంగ్రెస్ సభ్యులకు లోపలి సమాచారం ఉంటుంది, వాళ్లు కొన్నదే మనమూ కొంటే చాలు అన్నది దీని ఆకర్షణ. ఇది అధ్యక్షుడి పార్టీ గురించి కాదు, చట్టసభ సభ్యుల గురించి అన్నది మొదట గుర్తుపెట్టుకోవాలి. 2012లో వచ్చిన స్టాక్ యాక్ట్ ప్రకారం సభ్యులు తమ లావాదేవీని గరిష్ఠంగా 45 రోజుల్లోపు వెల్లడించాలి. జనవరి 10న కొన్న షేరు ఫిబ్రవరి 24 దాకా బయటికి రాకపోవచ్చు. ఆలస్యమైతే జరిమానా మామూలుగా 200 డాలర్లు. కొన్న మొత్తాన్ని కూడా కచ్చితంగా చెప్పరు. 1,001 నుంచి 15,000 డాలర్లు, 15,001 నుంచి 50,000 డాలర్లు, ఇలా శ్రేణులుగా చెబుతారు. 16,000 పెట్టినవాడూ 49,000 పెట్టినవాడూ ఒకే గడిలో కనబడతారు. కొందరు కుటుంబ సభ్యులు కాల్ ఆప్షన్లు (షేరును ముందే అనుకున్న ధరకు తర్వాత కొనే హక్కు) కొంటారు. ఫండ్ దాన్ని మామూలు షేరుగా పెట్టుకుంటే రాబడి అసలు లావాదేవీతో పోలిక లేకుండా పోతుంది. కాబట్టి ఈ ఫండ్‌లో ఉన్నది లోపలి సమాచారం కాదు, నెలన్నర పాతబడిన అంచనా.

అయినా నాన్‌సీ మొదలైనప్పటి నుంచి క్రూజ్‌ను బాగా దాటింది కదా అంటారు. దాటింది. అందులోని పెద్ద వాటాలు చూడండి: ఎన్విడియా, మైక్రోసాఫ్ట్, అమెజాన్, ఆల్ఫాబెట్. చాట్‌జీపీటీ వచ్చిన రెండు నెలలు దాటాక మొదలైన ఫండ్ ఇది. ఏఐ గాలి వీచే దిక్కులో తెరచాప ఎత్తింది, అంతే. క్రూజ్‌లో చమురు, బ్యాంకులు, పారిశ్రామిక కంపెనీల వాటా ఎక్కువ, కాబట్టి వెనకబడింది. శ్వేతసౌధం రిపబ్లికన్ల చేతికి వచ్చాక కూడా, 2025 జులైలో ఎన్విడియా విలువ 4 లక్షల కోట్ల డాలర్లు, అక్టోబరులో 5 లక్షల కోట్ల డాలర్లు దాటింది. ఆ రాబడి కావాలంటే పెద్ద టెక్ కంపెనీలు ఎక్కువగా ఉండే నాస్‌డాక్ 100 ఫండ్ ఉంది, దానికి పార్టీ పేరు అక్కర్లేదు. నాన్‌సీ వార్షిక ఖర్చు సుమారు 0.75 శాతం.

మాగా మీద మా అభ్యంతరం ఇంకా సూటిగా ఉంటుంది. ట్రంప్ హయాంలో, ట్రంప్ నినాదాన్నే టిక్కరుగా పెట్టుకుని వచ్చిన ఫండ్ ఆ విడత ముగిసేలోపు ఎస్ అండ్ పీ 500 కన్నా బాగా వెనకబడింది. ట్రంప్‌తో దానికి సంబంధం లేదు. విరాళాల జల్లెడలో పెద్ద టెక్ కంపెనీలు రాలిపోయాయి, సమాన వాటాల పద్ధతి మిగిలిన పెద్దవాటిని కూడా చిన్నవి చేసింది. 2022లో టెక్ షేర్లు పడి చమురు లేచినప్పుడు, డెమొక్రాట్ అధ్యక్షుడి కింద, ఇదే ఫండ్ సూచీ కన్నా నయంగా నిలబడింది. పెట్టె మీద ఒకటి రాసి ఉంది, లోపల ఉన్నది వాల్యూ షేర్ల (లాభాలతో పోలిస్తే చవకగా దొరికే షేర్లు) ఫండ్. ఖర్చు 0.72 శాతం.

డెమ్జ్ నాలుగింటిలో తక్కువ హాని చేసేది. ఖర్చు 0.45 శాతం. ఎస్ అండ్ పీ 500 నుంచి చమురు కంపెనీలను, మరికొన్నిటిని తీసేసినట్టు నడుస్తుంది. అలాంటప్పుడు 0.03 శాతం ఖర్చుతో ఎస్ అండ్ పీ 500నే అనుసరించే 'వీఓఓ' కానీ 'ఐవీవీ' కానీ దొరుకుతుంటే దీన్ని ఎందుకు కొనాలో మాకు కారణం దొరకలేదు.

0.75కీ 0.03కీ తేడా చిన్నదని కొట్టిపారేయకండి. 5 లక్షలు పెట్టి, ఖర్చుకి ముందు ఏడాదికి 10 శాతం రాబడి అనుకుంటే, పదేళ్లకు చవక ఫండ్‌లో 12.93 లక్షలు, ఖరీదైన దాంట్లో 12.11 లక్షలు. 82 వేలు తేడా, రాబడి సమానంగా వచ్చినా సరే.

బెంగళూరు నుంచి కొంటే పడే ఖర్చులు

డబ్బు ఎల్‌ఆర్‌ఎస్ (విదేశాలకు డబ్బు పంపడానికి రిజర్వు బ్యాంకు పెట్టిన పథకం) దారిలో వెళ్తుంది. ఒక్కొక్కరికి ఆర్థిక సంవత్సరానికి 2,50,000 డాలర్లు పరిమితి. 5 లక్షలు పంపితే బ్యాంకు మారకపు రేటులో వేసుకునే మార్జిన్ 1 శాతమనుకుంటే 5,000 పోతుంది. ఇది రశీదులో విడిగా కనబడదు, ఆ నిమిషం మార్కెట్ రేటుతో పోల్చి చూసుకోవాలి. మారకం మీద జీఎస్టీ విడిగా ఉంటుంది. 1 లక్ష నుంచి 10 లక్షల మధ్య మొత్తానికి 1,000, దానికి తోడు లక్ష దాటిన భాగం మీద 0.5 శాతం కలిపి సేవ విలువగా తీసుకుంటారు. 5 లక్షలకు అది 3,000. దాని మీద 18 శాతం అంటే 540 రూపాయలు. పైన వైర్ ఛార్జీ (విదేశీ బదిలీకి బ్యాంకు తీసుకునే రుసుం). ఇది ప్రతి బదిలీకీ పడుతుంది కాబట్టి నెలనెలా 20 వేలు పంపడం కన్నా ఏడాదికి ఒకటి రెండుసార్లు పంపడం మేలు.

ఏడాదిలో 10 లక్షలు దాటిన భాగం మీద 20 శాతం టీసీఎస్ (బ్యాంకు ముందుగా వసూలు చేసే పన్ను) పట్టుకుంటారు. 12 లక్షలు పంపితే 40,000. ఇది పోయిన డబ్బు కాదు, ఆదాయపు పన్నులో సర్దుబాటు అవుతుంది. ఆఫీసులో ముందే చెప్పి జీతం నుంచి కోసే టీడీఎస్‌లో తగ్గించుకోవచ్చు. చాలామంది చెప్పకుండా వదిలేసి, రీఫండ్ దాకా ఆగుతున్నారు.

డివిడెండ్ మీద అమెరికా 25 శాతం కోస్తుంది. ఖాతా తెరిచేటప్పుడు అమెరికా నివాసి కాదని చెప్పే డబ్ల్యూ-8బెన్ ఫారం సరిగ్గా ఇవ్వకపోతే 30 శాతం. ఇక్కడ రిటర్నులో విదేశీ పన్ను క్రెడిట్ అడగాలి. షేర్లు 24 నెలలు దాటి అమ్మితే 12.5 శాతం, లోపే అమ్మితే మీ స్లాబు. ఎన్నిక నుంచి ఎన్నికకు మారేవాళ్లకు నాలుగేళ్లు దొరుకుతాయి. ఎన్నికల ముందు ఎక్కి ఫలితం తర్వాత దిగేవాళ్లు మాత్రం 30 శాతం స్లాబులో నిలువునా ఇరుక్కుంటారు. రూపాయి పడిపోవడం వల్ల వచ్చిన లాభానికి కూడా పన్ను ఉంటుంది. రూపాయి సంగతి వచ్చింది కాబట్టి: 2021 జనవరిలో డాలరు 73 రూపాయలు, 2025 జనవరిలో 86 దాటింది. బైడెన్ కాలంలో మన రాబడికి తోడైన ఆ ముక్కకు అమెరికా పార్టీ గణాంకాల్లో చోటే లేదు.

చిన్న ఫండ్‌లకు ఇంకో చిక్కు ఉంది. కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ తక్కువ, కాబట్టి బిడ్‌కీ (కొనేవాడి ధర) ఆస్క్‌కీ (అమ్మేవాడి ధర) మధ్య దూరం ఎక్కువ. వీఓఓలో అది దాదాపు ఒక సెంటు. మాగా, డెమ్జ్ లాంటి వాటిలో ఆర్డరు పెట్టేముందు ఆ దూరం చూసుకోవాలి. దొరికిన ధరకు కొనేసే మార్కెట్ ఆర్డరు ఎప్పుడూ వద్దు, ధర మీరే చెప్పే లిమిట్ ఆర్డరే పెట్టండి. మన టైములో వేసవిలో రాత్రి 7 గంటలకు, చలికాలంలో 8 గంటలకు మార్కెట్ తెరుచుకుంటుంది. మొదటి అరగంట వదిలేయండి, ఈ ఫండ్‌ల ధరలు అప్పుడే ఎక్కువ ఎగుడుదిగుడుగా ఉంటాయి.

అన్నిటికన్నా పెద్దది, ఎవరూ చెప్పనిది, అమెరికా ఎస్టేట్ టాక్స్. అక్కడి పౌరులూ నివాసులూ కానివాళ్లు చనిపోయేనాటికి అమెరికా షేర్లు, అక్కడ నమోదైన ఈటీఎఫ్‌లు కలిపి 60,000 డాలర్లు దాటితే, దాటిన భాగం మీద 40 శాతం దాకా పన్ను పడుతుంది. దీని మీద భారత్‌కీ అమెరికాకీ ఒప్పందం లేదు. ఆర్‌ఎస్‌యూలు నాలుగైదేళ్లు అమ్మకుండా దాచినవాళ్లు చాలామంది ఇప్పటికే ఈ గీత దాటి ఉంటారు. వాళ్లు మళ్లీ పార్టీ ఈటీఎఫ్ కొంటే ఇంట్లోవాళ్ల మీద పడే భారం ఇంకా పెంచినట్టే. అమెరికా సూచీయే కావాలంటే ఐర్లండ్‌లో నమోదై లండన్‌లో ట్రేడయ్యే 'సీఎస్‌పీఎక్స్' ఉంది. ఖర్చు 0.07 శాతం, ఎస్టేట్ టాక్స్ పరిధిలోకి రాదు. అన్ని యాప్‌లలో దొరకదు, అంతర్జాతీయ బ్రోకరు ఖాతా కావాలి.

రూపాయల్లోనే పెట్టాలనుకుంటే ఎస్ అండ్ పీ 500, నాస్‌డాక్ 100 ఆధారిత భారతీయ ఫండ్‌లు ఉన్నాయి. టీసీఎస్ లేదు, ఎస్టేట్ టాక్స్ లేదు. కాకపోతే మొత్తం పరిశ్రమకు విదేశీ పెట్టుబడి పరిమితి 700 కోట్ల డాలర్లు. అది నిండినప్పుడల్లా కొత్త డబ్బు తీసుకోవడం ఆపేస్తారు, కొంత ఖాళీ కాగానే తెరుస్తారు. ఎన్‌ఎస్‌ఈలో దొరికే అమెరికా ఈటీఎఫ్‌లు అలాంటి సమయంలో అసలు విలువ కన్నా బాగా ఎక్కువకు ట్రేడవుతాయి. కొనే ముందు ఐఎన్‌ఏవీ (ఆ క్షణాన ఫండ్ అసలు విలువ) చూసి, తేడా 2 శాతం దాటితే ఆగడం మంచిది.

ఇప్పటికే ఈ పార్టీ ఈటీఎఫ్‌లలో ఏదైనా చేతిలో ఉంటే కంగారుపడి ఇవాళే అమ్మక్కర్లేదు. కొన్న తేదీ చూసుకోండి. 24 నెలలకు రెండు మూడు నెలలే తక్కువైతే ఆగండి. నష్టంలో ఉంటే ఆ నష్టాన్ని ఆర్‌ఎస్‌యూల అమ్మకంలో వచ్చిన లాభంతో సర్దుకోవచ్చు. అప్పుడు ఆర్థిక సంవత్సరం ముగిసేలోపు, మార్చిలోనే అమ్మడం లాభం. దీర్ఘకాలిక నష్టం దీర్ఘకాలిక లాభంతోనే సర్దుబాటవుతుందని మరవకండి. డాలర్లను రూపాయల్లోకి మార్చేటప్పుడు అమ్మిన నెలకు ముందు నెల చివరి రోజు ఎస్‌బీఐ టీటీ కొనుగోలు రేటు (బదిలీగా వచ్చే డాలర్లను బ్యాంకు కొనే రేటు) తీసుకోవాలి. అమ్మేశాం కదా అని షెడ్యూల్ ఎఫ్‌ఏ (పన్ను రిటర్నులో విదేశీ ఆస్తులు రాసే భాగం) వదిలేయొద్దు. అది జనవరి నుంచి డిసెంబరు లెక్కతో నడుస్తుంది. ఆ క్యాలెండరు సంవత్సరంలో ఒక్కరోజు చేతిలో ఉన్నా రాయాలి.